పడమట ఒక్క సాయంత్రం

“సుమారుగా” అన్న మాట మామయ్యగారికి పడేది కాదు. ఎవరైనా తన ముందు ఆ మాట అంటే, చెప్పులో రాయి పడినవాడిలా ఒక్క క్షణం ఆగి, “ఎంత సుమారు?” అని అడిగేవారు. అందులో కోపం ఉండేది కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగేవారు.

మొన్న గురువారం జగ్గయ్యపేట నుంచి నాన్న రాసిన కార్డు వచ్చింది. “మన పెరటింట్లో ఉండి వెళ్ళిన మీ మామయ్యగారు బందరులో వాళ్ళ చెల్లెలి ఇంట సుమారు పది రోజుల కిందట కాలం చేశారట. నీకిమ్మని ఏవో పుస్తకాలు పంపారు. బస్సులో వేస్తాను, అందుకోగలవు.” నందిగామ బడిలో మూడో తరగతి పిల్లలు పదమూడో ఎక్కం అప్పజెబుతున్నారు. నేను కార్డు పట్టుకుని ఆ “సుమారు” దగ్గరే నిలబడిపోయాను. ఎక్కం ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు. “ఇంకోటి చెప్పమంటారా టీచరుగారూ?” అని ముందు బెంచీ పిల్ల అడిగితే, చెప్పమన్నాను.

మామయ్యగారు మాకు చుట్టం కారు. సర్వే శాఖలో ఊళ్ళూ కొండలూ కొలిచి, ఉద్యోగం అయిపోయాక మా పెరట్లో ఉన్న రెండు గదుల ఇంట్లో అద్దెకు దిగారు. అప్పుడు నేను స్కూలు ఫైనలు రాసి ఇంట్లో ఉన్నాను. అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచింది కనక నాకు మామయ్యగారు అయ్యారు. ఊళ్ళో మాత్రం చుక్కలాయన అనేవాళ్ళు.

ఇల్లు చూడడానికి వచ్చిన రోజున ఆయన గదులు చూడలేదు. పెరట్లోకి నడిచి, మడమతో నేలను మూడుసార్లు తన్నారు.

“కింద బండ ఎంత లోతులో ఉందండీ?” అని నాన్నని అడిగారు.

“సుమారు మూడడుగులుంటుందండి.”

“ఎంత సుమారు?”

నాన్నది సున్నపు బట్టీల వ్యాపారం. రాయి ఎక్కడ ఎంత లోతున ఉంటుందో ఆయనకు తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదని పేరు. అటువంటి మనిషిని పట్టుకుని అలా అడిగేసరికి పౌరుషం వచ్చి, అప్పటికప్పుడు పలుగు తెప్పించి తవ్వించాడు. రెండడుగుల తొమ్మిది అంగుళాల్లో బండ తగిలింది. మామయ్యగారు గుంటలోకి దిగి, తడి బండ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే కూర్చున్నారు.

“మా బందరు నేల బురదండీ. పాదరసం నిలవదు. ఇక్కడ నిలుస్తుంది,” అన్నారు.

“గదులు చూడరా అన్నయ్యగారూ?” అంది అమ్మ.

“ఉన్నాయిగా అమ్మా,” అన్నారాయన.

ఆ బండ మీద నడుమెత్తు దిమ్మె కట్టించి, దాని మీద తన పరికరం నిలబెట్టారు. ఆస్ట్రోలేబు అనేవారు దాన్ని. మోచేతి పొడుగు ఇత్తడి దుర్భిణి, దాని ముందు మూడు పలకల గాజు, గాజు కింద సాసరంత తొట్టిలో పాదరసం. అంతే. చుక్క ఒకటి నేల నుంచి సరిగ్గా అరవై డిగ్రీల ఎత్తుకు వస్తున్నప్పుడు అందులో రెండు చుక్కలు కనిపిస్తాయి. ఒకటి ఆకాశంలోది, ఇంకొకటి పాదరసంలో పడిన నీడ. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతుంది. రెండూ పక్కపక్కన ఒకే గీత మీదకు వచ్చిన క్షణమే ఆ ఎత్తు. ఆ క్షణం ఎప్పుడు రావాలో నక్షత్రాల పట్టిక చూసి ముందే లెక్క కట్టుకునేవారు. తీరా ఎప్పుడు వచ్చిందో కన్ను పెట్టి చూసేవారు. రెండింటికీ తేడా వస్తే ఎక్కడో తప్పున్నట్టు. అది గడియారంలో ఉండొచ్చు, చూసేవాడి కంట్లో ఉండొచ్చు, పట్టికలోనే ఉండొచ్చు. పట్టికలో ఉన్న తప్పుని పట్టుకుని దిద్దడం ఆయన పెట్టుకున్న పని. ఎవరూ అప్పజెప్పింది కాదు.

“పెద్దవాటి సంగతి లోకమంతా చూసుకుంటుందమ్మాయ్,” అనేవారు. “స్వాతికీ అభిజిత్తుకీ నేనెందుకు? ఈ చిన్నవాటిని ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట ఒకసారి కొలిచి, పుస్తకంలో వేసి వదిలేశారు. అవేమో కదుల్తూనే ఉంటయ్. ఎవరో ఒకరు మళ్ళీ వెళ్ళి చూసి రావొద్దూ?”

ఊళ్ళోవాళ్ళ గురించి అడిగినట్టే అడిగేవారు. పేర్లు కూడా లేని చుక్కలు. ఆయన జాబితాలో అంకెలే ఉండేవి.

రష్యావాళ్ళు ఆకాశంలోకి ఏదో వదిలారని పేపర్లో పడిన రోజుల్లో బజారు మనుషులు నలుగురు మా పెరట్లోకి వచ్చారు. “మీ గొట్టంలో అది అగుపిస్తదా అండీ?” అని అడిగారు. ఆయన జాబితా తీసి, మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చూసి, “ఇందులో లేదండీ,” అన్నారు. ఆయన హాస్యమాడారని వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. ఆయన నిజంగానే వెతికారని నాకు తెలుసు.

పాదరసానికి ఊరంతా వినిపించేది. రాళ్ళ బండి వీధి మలుపు తిరగకముందే తొట్టిలో సన్నగా వణుకు పుట్టేది. చుక్క చెదిరిపోయేది. ఆయన చెప్పులు విప్పి, గుడ్ల మీద నడిచినట్టు నడిచేవారు. మా అమ్మతోనే చిక్కు వచ్చేది.

“చెల్లెమ్మా, ఒక్క పది నిమిషాలు ఆ రోకలి ఆపుతారా?”

“ఏం, మీ చుక్కలు రాలిపోతయ్యా అన్నయ్యగారూ?”

“చుక్కలకేం కాదమ్మా. నా రసం వణుకుతోంది.”

“పది నిమిషాలంటే మీ పదా, నా పదా?”

“నా పదే.”

“సరే అయితే,” అని అమ్మ రోకలి గోడకి ఆనించేది. ఆయన పది నిమిషాలంటే పదే అని ఆవిడకి తెలుసు. ఆ నమ్మకం ఇంట్లో నాన్న మీద కూడా ఉండేది కాదు.

మా నాయనమ్మకి మాత్రం ఆయన బంగారం చేస్తున్నాడని గట్టి అనుమానం. పాదరసం పెట్టుకుని సాయంత్రాలు చీకట్లో వంగి కూర్చునే మనిషి ఇంకేం చేస్తాడని ఆవిడ వాదన. ఒక రోజు ఆయన తొట్టి కడిగి, రసాన్ని పల్చటి గుడ్డలో వడగట్టుకుంటుంటే, మెల్లగా వెనక నుంచి వచ్చి వేలు ముంచి చూసింది. వేలికి ఉంగరం ఉంది. చూస్తూ ఉండగానే బంగారపు ఉంగరం వెండిలా తెల్లబడింది.

“నాయనా, నీ పని తిరగబడింది,” అంది నాయనమ్మ.

అమ్మ లబలబలాడింది. మామయ్యగారు ఉంగరం చేతిరుమాల్లో కట్టుకుని, కంసాలి దగ్గరికి వెళ్ళి, పక్కన నిలబడి కాల్పించి, పచ్చగా చేయించి తెచ్చారు. “రెండు గింజలెత్తు తగ్గిందమ్మా, క్షమించాలి,” అని నాయనమ్మ చేతిలో పెట్టారు. ఎవరూ చూడని రెండు గింజలు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ మాట అప్పుడు నాకు నవ్వు తెప్పించింది.

చుక్క గీత మీదకు వచ్చిన క్షణాన ఆయన “ఆ” అంటారు. ఆ “ఆ” అన్నప్పుడు గడియారంలో ఎన్ని సెకన్లయిందో, సెకనులో పదో వంతుతో సహా, పక్కన కూర్చున్నవాళ్ళు పుస్తకంలో రాయాలి. ముందు నాన్నని కూర్చోబెట్టారు. మొదటి చుక్కకే నాన్న, “ముప్పై అనుకోండి,” అన్నాడు. మర్నాటి నుంచి నన్ను పిలిచారు.

“నువ్వు మాట్లాడవు. నాకు కావాల్సింది అదే,” అన్నారు.

అప్పటిదాకా నేను మాట్లాడకపోవడం ఇంట్లో అందరికీ ఒక లోపం. వచ్చిన చుట్టాల ముందు అమ్మ, “మా పిల్లకి నోరు లేదండీ,” అని నొచ్చుకునేది. అది ఒక పనికి పనికొస్తుందని చెప్పిన మొదటి మనిషి ఆయన. ఆ రాత్రి డైరీలో ఆ ఒక్క వాక్యమే రాసుకున్నాను.

నాకు పని ఇలా నేర్పారు. పెట్టెలో ఉన్న గడియారం అర సెకనుకొకసారి కొట్టుకుంటుంది. ఆ చప్పుడుతో పాటు మనసులో లెక్కపెడుతూ ఉండాలి. “ఆ” వినగానే ముల్లు చూసి రాయాలి. గడియారం ఎంత తప్పుతోందో సాయంత్రం వార్తల ముందు రేడియో కూతలతో సరిచూడాలి. నెల రోజులు గడిచాక ఆయన నా అంకెలన్నీ ముందేసుకుని లెక్క కట్టి, “నువ్వు రెండు పదో వంతులు ఆలస్యం,” అన్నారు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

“ఏడవకు. రోజూ అంతే ఆలస్యం. ఒక్క రోజు కూడా ఎక్కువా లేదు, తక్కువా లేదు. అట్లాంటిది తప్పు కింద రాదు, నేను తీసేసుకుంటా. మీ అమ్మ పంపే పులుసులో ఉప్పు ఎప్పుడూ ఒక పలుకు తక్కువుంటుంది. నేనొక పలుకు వేసుకు తింటా. ఒక రోజు ఎక్కువై, ఒక రోజు తక్కువైతేనే చిక్కు.”

ఇంకొకటి నేర్పారు. ఆ పుస్తకంలో రబ్బరు వాడకూడదు. తప్పు రాస్తే కింద అంకె కనబడేలా దాని మీద ఒకే గీత గీసి, పైన సరైనది రాసి, దిద్దినవాళ్ళ పొడి అక్షరాలు వేసి, తేదీ వెయ్యాలి. కొట్టేసినది నిజానికి సరైనదేనని తర్వాత తేలితే, పక్కన “ఉంచవలెను” అని రాసి మళ్ళీ పొడి అక్షరాలు, తేదీ. “తప్పు చెయ్యడం నామోషీ కాదమ్మాయ్. అది ఎవరు చేశారో తెలియకపోతే మాత్రం వెనకొచ్చేవాడు చెడిపోతాడు,” అనేవారు.

అన్నిటికన్నా ఎక్కువసార్లు అన్న మాట ఇంకొకటుంది: “ఒకవైపే చూసి చుక్క మీద నేరం మోపకూడదు.” ప్రతి చుక్కనూ తూర్పున ఎక్కేటప్పుడు చూడాలి, పడమట దిగేటప్పుడు చూడాలి. రెండువైపులా చూస్తేనే తప్పు గడియారానిదో చుక్కదో విడిపోతుంది. మేము చూసేది పొద్దుగూకాక ఓ గంటన్నర. ఆ వేళకి తూర్పున కనబడిన చుక్క, అదే వేళకి పడమట కనబడాలంటే రెండు నెలలు దాటాలి. ఆయన ఆగేవారు.

పెరట్లో నాయనమ్మ నులక మంచం మీద కునుకుతూ ఉండేది. లాంతరు చుట్టూ ఎర్రగుడ్డ. చుక్కకీ చుక్కకీ మధ్య ఒక్కోసారి పావుగంట ఖాళీ. ఆ ఖాళీలో నేను చేసిన పని మామయ్యగారికి తెలియదు. రాసే పుస్తకం కింద లైబ్రరీ నవల పెట్టుకుని చదివేదాన్ని. ఇంట్లో చదివితే, “మళ్ళీ కథలా?” అనేవాళ్ళు. అక్కడ ఎవరూ అనరు. ఎర్ర వెలుతురులో అక్షరాలు కొంచెం వణుకుతూ కనబడేవి. అయినా మూడేళ్ళలో మా ఊరి లైబ్రరీలో ఉన్న నవలలు సగం ఆ పెరట్లోనే చదివాను. ఎప్పుడూ లెక్క తప్పలేదు. ఒక చెవి గడియారం మీదే ఉండేది.

ఆ మూడో ఏడు మామయ్యగారి ఎడమ కంట్లో శుక్లం మొదలైంది. “చూసేది కుడికంటితోలే,” అన్నారు. కానీ ఆ ఏడే ఆయనలో తొందర కనిపించింది. జాబితాలో స్వాతికి కాస్త పక్కగా ఒక చిన్న చుక్క ఉంది. అది వైశాఖంలో తూర్పున పదకొండు సాయంత్రాలు దొరికింది. ప్రతిసారీ పట్టిక చెప్పినదానికి ఏదో చిన్న తేడా. దాన్ని పడమట చూడాల్సింది శ్రావణంలో. శ్రావణమంతా ముసురు. రోజూ సాయంత్రం ఆయన దిమ్మె దగ్గర గొడుగేసుకుని నిలబడేవారు. ఇంకొక వారం పోతే ఆ చుక్క పొద్దుగూకే వేళకే కిందికి దిగిపోతుంది, మళ్ళీ ఏడాదిదాకా లేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నుంచి మబ్బు విడిచింది. ఆ రోజు మా ఇంట్లో పేరంటం. మామయ్యగారు ఆకాశం కేసి, వాకిట్లో చెప్పుల కేసి మార్చిమార్చి చూశారు. అమ్మే ముత్తయిదువులకు గబగబా శనగలూ తాంబూలమూ ఇచ్చి, “మా అన్నయ్యగారి చుక్క వచ్చే వేళయింది, అడుగులు మెల్లగా వెయ్యండమ్మా,” అని పంపేసింది. పడమట మా బట్టీల పొగ అడ్డం. నాన్న ఆ సాయంత్రం ముట్టించాల్సిన బట్టీని మర్నాటికి ఆపాడు. “మీ చుక్క కోసం మా నిప్పు ఆపానండోయ్, అది రాకపోతే ఊరుకోను,” అన్నాడు. నాయనమ్మ ఉంగరం తీసి కొంగున ముడేసుకుని మరీ మంచం మీద కూర్చుంది.

చుక్క రావడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. నా పుస్తకం కింద ఆ రోజు నవల చివరి పేజీలు. అందులో ఒక ఆడమనిషి రైలు స్టేషన్లో ఎదురుచూస్తోంది. రైలు వచ్చిందో లేదో తెలుసుకోవాలి. ఇంకో నిమిషం ఉందనుకున్నాను.

“ఆ,” అన్నారు మామయ్యగారు.

నేను తల తిప్పి గడియారం చూసేసరికి ముల్లు నలభై నాలుగు మీద ఉంది. నా తల తిరగడానికి రెండు సెకన్లు పట్టి ఉంటుందనుకున్నాను. నలభై రెండు అని రాశాను. ఉత్త నలభై రెండు చూస్తే అనుమానం వస్తుందేమోనని పక్కన ఒక పదో వంతు చేర్చాను. నలభై రెండు పైన ఒకటి. ఆ ఒకటి ఎక్కడా లేదు. నమ్మించడానికి నేను పుట్టించింది.

“రాశావా?”

తల ఊపాను. చీకట్లో కనబడదని గుర్తొచ్చి, “రాశానండి,” అన్నాను.

ఆ రాత్రి నుంచే మళ్ళీ ముసురు పట్టింది. ఆ ఏడు ఇక ఆ చుక్క దొరకలేదు.

నాలుగు రోజుల తర్వాత ఆయన మా వంటింటి గుమ్మం దాకా వచ్చారు. ఎప్పుడూ రారు. చేతిలో లెక్క కాగితం. నేను పప్పు రుబ్బుతున్నాను.

“అమ్మాయ్, ఆ శుక్రవారం చుక్కకి దాదాపు ముప్పాతిక సెకను తేడా వస్తోంది. సర్వేలో అయితే ఇంత తేడా కనబడగానే రాసినవాణ్ణి రెండు తిట్టి అంకె కొట్టేసేవాళ్ళం. కానీ రాసింది నువ్వు. నా కన్ను అబద్ధమాడొచ్చేమో గానీ నీ చెయ్యి ఆడదు. సరిగ్గానే రాశావు కదూ?”

చేతినిండా పిండి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటే చూస్తోంది. “నేను చూడలేదండీ, కథ చదువుకుంటున్నా” అన్న నాలుగు మాటలు. అంతకన్నా పెద్ద మాటలు మనసులో రోజూ ఎన్నో అనుకునేదాన్ని. తల ఊపాను.

ఆయన ముఖం విచ్చుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. “అయితే ఆ చుక్క నిజంగానే జరిగింది,” అన్నారు. అమ్మ వైపు తిరిగి, “చెల్లెమ్మా, యాభై ఏళ్ళుగా పుస్తకంలో తప్పు చోట ఉందమ్మా అది. మన పెరట్లోంచి పట్టుకున్నాం,” అన్నారు. అమ్మకి ఏమీ అర్థం కాకపోయినా బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

మూడేళ్ళ జాబితా అంతా, అందులో ఈ చుక్కని అన్నిటికన్నా పైన పెట్టి, తనే శుద్ధప్రతి చేసి, దూరాన చుక్కలు కొలిచే ఒక వేధశాలకు పంపారు. రెండో వైపు ఒక్కటే సాయంత్రం దొరికిందని కూడా నిజాయితీగా రాశారు. ఇంకో ఏడాది ఆగుదామని ఆయన అనకపోవడం నాకు అప్పుడే వింతగా అనిపించింది. ఎడమకన్ను ఆయన్ని తరుముతోందని ఇప్పుడు తెలుస్తోంది.

సంక్రాంతి వెళ్ళాక జవాబు వచ్చింది. ఇంగ్లీషులో టైపు కొట్టిన ఒక్క కాగితం. ఎంతో మర్యాదగా ఉంది. ఆ చుక్కని తాము ఈమధ్యే పెద్ద పరికరంతో చాలాసార్లు చూశామనీ, పట్టికలో ఉన్నచోటికి ఎంతో దగ్గరలోనే ఉందనీ, వయసుతో పాటు చూసేవారి కంట్లో వచ్చే మార్పుని గమనించుకోవాలనీ, మిగతా జాబితా కూడా ఆ దృష్టితో మరొకసారి సరిచూసి పంపితే సంతోషిస్తామనీ. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, కళ్ళజోడు డబ్బాలో దాచారు.

“వాళ్ళు చెప్పింది నిజమేనమ్మాయ్. చెయ్యి తప్పులేదు, గడియారం తప్పులేదు. ఇక మిగిలింది కన్నేగా,” అన్నారు.

ఆ సాయంత్రం ఆకాశం అద్దంలా ఉంది. ఆయన పెరట్లోకి రాలేదు. మర్నాడు పరికరాన్ని పెట్టెలో పెట్టి పేపరు ముక్కలు కుక్కారు. అమ్మ రోజూ పొద్దుగూకే వేళకి రోకలి ఆపి, ఆయన ఇంటి తలుపు కేసి చూసి, మళ్ళీ అందుకునేది.

నేను ట్రైనింగుకి వెళ్ళిపోయాను. తర్వాత నందిగామలో ఉద్యోగం వచ్చింది. మొదటి వేసవి సెలవులకి జగ్గయ్యపేట బయల్దేరే ముందు రోజు డైరీలో, “రేపు చెప్పాలి,” అని రాసుకుని కింద రెండు గీతలు గీశాను. బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. చిల్లకల్లు దాటేసరికి వాక్యం అంతా సిద్ధమైంది.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. పాదరసం వైద్యుడెవరికో ఇచ్చేశారట. దిమ్మె మీద అమ్మ వడియాలు ఎండబెట్టింది. వాటి మీద కాకి వాలితే ఆయన చేత్తో అదిలిస్తున్నారు.

“మామయ్యగారూ, నేనొకటి…”

“రా అమ్మాయ్, కూర్చో. నేనూ నీకొకటి చెప్పాలనుకుంటున్నా.” పక్కనున్న చాప సర్ది చోటిచ్చారు. “నువ్వే గనక ఆ వేళ అంత కచ్చితంగా రాసి ఉండకపోతే, నా కన్ను పోయిందని నాకు తెలిసేదే కాదు. ఇంకో నాలుగేళ్ళు తప్పులు పోగేసి, అవి నిజమని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. నువ్వు నా పరువు నిలబెట్టావు. ఈ మాట చెప్పకుండా పోతానేమోనని భయపడ్డా. ఇంతకీ నువ్వేదో అనబోయావు?”

కాకి మళ్ళీ వాలింది. నేను లేచి దాన్ని తోలాను.

“ఏం లేదండి. బాగున్నారా అని,” అన్నాను.

ఆ తర్వాత ఆరు నెలలకి ఆయన బందరు వెళ్ళిపోయారు. నేను వెళ్ళి ఉండవచ్చు. ఉత్తరం రాసి ఉండవచ్చు. మూడుసార్లు రాశాను కూడా, మూడూ నా డైరీలోనే ఉన్నాయి.

నాన్న బస్సులో వేసిన మూట నిన్న వచ్చింది. గోనెపట్టాలో చుట్టి, పురికొసతో మామయ్యగారు కట్టే తీరునే కట్టి ఉంది. ఏడు పుస్తకాలు. అన్నిటిలోనూ చుక్కల అంకెలు ఆయన రాతలో, సెకన్లు నా రాతలో. ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం గది తలుపు వేసుకుని తెరిచాను.

ఆ శుక్రవారం పేజీ వెతకనక్కర్లేకుండానే దొరికింది. నలభై రెండు పైన ఒకటి. ఆ అంకెను కొట్టెయ్యలేదు. దాని పక్కన ఎర్ర పెన్సిలుతో, “పరిశీలకుడి తప్పు,” అని రాసి, పొడి అక్షరాలు, తేదీ వేశారు. అది నేను ఊహించాను. తర్వాతి పేజీ తిప్పాను. దాని మీద ఒక గీత ఉంది. ఆ తర్వాతది తిప్పాను. గీత. వెనక్కి తిప్పాను. వైశాఖంలో తూర్పున చూసిన పదకొండు సాయంత్రాల మీదా గీతలే. అంతకుముందు ఏడు, దానికి ముందు ఏడు, మొట్టమొదటి రోజు దాకా ప్రతి చుక్క మీదా కింద అంకె కనబడేలా ఒక్కొక్క గీత. స్కేలు పెట్టి గీసినవి. మొదటి పుస్తకం అట్ట లోపల ఇలా ఉంది: “కన్ను ఎప్పటి నుంచి చెడిందో నిర్ణయించడం సాధ్యం కాలేదు. కనుక ఏదీ నమ్మదగినది కాదు. రాసిన అమ్మాయి పని మాత్రం మొదటి నుంచి చివరిదాకా దోషరహితం. పుస్తకాలు ఆమెకు చెందును.”

పక్కింట్లో ఎవరో కారం దంచుతున్నారు. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

తర్వాత కలం తీసి “పరిశీలకుడి తప్పు” అన్న మాట మీద, అది కింద చదవడానికి వీలుగా, ఒకే గీత గీశాను. పైన “రాసినవారి తప్పు, ఆ క్షణాన గడియారం చూడలేదు, అంకె కల్పించినది” అని రాశాను. నలభై రెండు పైన ఒకటి మీద గీత గీశాను. నా పొడి అక్షరాలు వేశాను. మొదటి పుస్తకం నుంచి మొదలుపెట్టి, ఆయన కొట్టేసిన ప్రతి చుక్క పక్కనా “ఉంచవలెను” అని రాస్తూ వస్తున్నాను. ఇప్పటికి రెండు పుస్తకాలయ్యాయి. అన్నీ అయ్యాక ఒక ఉత్తరం పెట్టి ఆ వేధశాలకే పంపుతాను. వాళ్ళకి ఇప్పుడు వీటితో పని ఉండకపోవచ్చు. పెద్ద పరికరాలున్నాయి వాళ్ళకి. అయినా ఆ కుడికన్ను చివరిదాకా సరిగ్గానే చూసిందని ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి.

పొడి అక్షరాల కింద తేదీ వెయ్యాలని నియమం. వేస్తున్నాను. ఆయన పోయి ఎన్ని రోజులైందో సరిగ్గా తెలియదు. నాన్న కార్డులో సుమారు పది అని ఉంది.